ఎడమ అరచేతిలో కంద

ట్యాంకు మీద మంచు పట్టిందని మొదట చూసింది నేనే. కడియంలో, జ్యేష్ఠమాసపు ఉక్కలో, పొద్దున్న ఎనిమిదిన్నరకి, నా నడుమెత్తు స్టీలు ట్యాంకు ఒళ్ళంతా తెల్లగా నూగు పట్టి మెరుస్తోంది. పెళ్ళయి పంతొమ్మిది రోజులైన అమ్మాయికి అలాంటిది కనిపిస్తే ఏం చేస్తుంది? చూపుడువేలితో దాని మీద "సూ" అని రాశాను. సూరిబాబు మా ఆయన పేరు. ఈ కాలంలో ఈ పేరేమిటని కాలేజీలో నేనే అందరికన్నా ఎక్కువ ఏడిపించాను. ఇప్పుడు అంత చక్కని పేరు జిల్లాలో మరొకటి లేదనిపిస్తోంది. ఫోటో తీసి అతనికి పంపాను కూడా.

ఫోటో వెళ్ళాక గానీ నా బుర్ర పనిచెయ్యలేదు. ఆ ట్యాంకు బయట మంచు పట్టకూడదు. రెండు గోడల మధ్య గాలి లేకుండా చేసి, లోపల ద్రవ నైట్రోజన్ పోసి ఉంచుతాం. లోపలి చలి లోపలే ఉండాలి. బయట మంచు పట్టిందంటే చలి కారిపోతోందన్నమాట.

"మేడమ్!" అని అరిచాను.

మా దుంప పంటల కేంద్రం పెద్దావిడ డాక్టర్ ఇందుమతి గారు టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చారు. మంచు మీది అక్షరాన్ని ఒక్క క్షణం చూసి, "చేతిరాత బాగుంది. కొలకర్ర తే" అన్నారు. కర్ర ముంచి తీస్తే అడుగున నాలుగు వేళ్ళ మేర మాత్రమే తడి తెల్లబడింది.

"మధ్యాహ్నానికి ఖాళీ" అన్నారామె. టీ గ్లాసు నేల మీద పెట్టేశారు.

ఆ ట్యాంకులో పదకొండు గొట్టాలున్నాయి. ఒక్కోదాంట్లో ఆవగింజంత కంద మొగ్గ. భూమ్మీద మిగిలిన కంద అంతా అదే.

ఆరేళ్ళ కిందట నల్లమొదలు తెగులొచ్చింది. కందని గింజ వేసి పెంచరు, దుంప ముక్క పాతి పెంచుతారు. తాత పాతిన ముక్కే మనవడి పొలంలోనూ ఉంటుంది కాబట్టి ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిటినీ పట్టింది. రెండు కార్తెలు తిరిగేసరికి గోదావరి లంకల్లో కంద లేదు. తర్వాత తమిళనాడులో లేదు, కేరళలో లేదు, ఎక్కడా లేదు. మా పెళ్ళిలో వంటవాళ్ళు బచ్చలికూరలో బంగాళాదుంప ముక్కలు వేసి, సిగ్గు లేకుండా "కంద బచ్చలి" అని కాగితం అంటించారు.

ముప్పై ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేడమ్ యాభై మొగ్గల్ని చలిలో దాచారు. "సంతలో గుట్టలు పోసి అమ్మేదాన్ని దాచడమేమిటమ్మా?" అని అందరూ నవ్వారట. ఆ యాభైలో ముప్పై తొమ్మిది, లేపే ప్రయత్నంలో పోయాయి.

నిద్రపుచ్చడం కష్టం కాదు, లేపడమే కష్టం. కంద ఎండదేశపు మొక్క, దానికి శీతాకాలం అంటే తెలియదు. గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు సూదులై ప్రతి కణాన్నీ పొడిచేస్తుంది. అందుకని మేడమ్ ఒక ఈస్టుని తయారుచేశారు. పాలల్లో తోడేసినట్టు మొగ్గలో దాన్ని వేస్తే, నీరున్న ప్రతి సందులోనూ చేరి సూదులు పెరగకుండా కాస్తుంది. మేం దాన్ని తోడు అనే పిలుస్తాం. మొగ్గ మేలుకునేటప్పుడు ఈ తోడు మెల్లగా బయటికొచ్చేయాలి. యంత్రం వెచ్చదనానికి అది కదలదు. మనిషి అరచేతి వెచ్చదనానికి కదులుతుంది. తెల్లవారుతూ తగ్గి, సాయంత్రానికి పెరిగి, కోపం వస్తే ఎగిరి, నిద్రలో దిగే వెచ్చదనం అది. దాన్ని అచ్చు గుద్దినట్టు యంత్రంలో పెట్టి చూశాం. తోడు మోసపోలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఇది మేడమ్ చేమ మొగ్గలతో తన ఎడమ అరచేతిలోనే కనిపెట్టారు. దానికి రెండు శిక్షలు పడ్డాయి. బయటికొచ్చిన తోడు ఇరవయ్యో రోజు దగ్గరపడగానే ఆకలి పట్టి మొగ్గల్నే తినడం మొదలుపెట్టింది. ఎనిమిదిలో ఒక్కటే బతికింది. రెండోది ఆమె చేతికి. తోడు నుంచి ఊరే రసం చర్మంలోకి దిగి, వేడినీ చలినీ తెలిపే నరాల్ని చంపేసింది. సలసల కాగే నీళ్ళూ మంచుగడ్డా ఆ అరచేతికి ఒకటే. గిచ్చినా పక్కింటివాళ్ళనెవరినో గిచ్చినట్టుంటుందని నవ్వుతారామె. ఒకసారి వాడిన చెయ్యి మళ్ళీ పనికిరాదు.

కొత్త ట్యాంకు వారానికి గానీ రాదన్నారు. కాకినాడ దగ్గర రొయ్యల ఫ్యాక్టరీ నుంచి పొడి మంచు తెప్పించి గొట్టాల్ని అందులో సర్దాం. అది రెండు రోజులు ఆపుతుంది. అంతకు మించితే ఆ అరకొర చలే మొగ్గల్ని పగలగొట్టేస్తుంది.

"మన వాచ్‌మన్ నూకరాజు చెయ్యి అడగాలి" అన్నారు మేడమ్.

"ఆయనకి షుగరండీ. రోజంతా చేతులు చల్లగానే ఉంటాయి. నేనిస్తాను."

"నీకు పెళ్ళయి నెల కాలేదు."

"అందుకేనండీ. ఈ మధ్య నేనెప్పుడూ వెచ్చగానే ఉంటున్నాను."

మేడమ్ నవ్వలేదు. "ఇంటికెళ్ళి అడిగి రా. చెయ్యి నీదే. కానీ మొన్ననే ఒకడు దాన్ని పట్టుకున్నాడు" అన్నారు.

మా అత్తవారిది నర్సరీ. సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళేసరికి మామయ్య అబ్బులు గారు మామిడి అంట్ల మధ్య పీట వేసుకుని కూర్చున్నారు. సూరిబాబు పక్కనే అంటు కడుతున్నాడు. అత్తయ్యగారు గొట్టంతో నీళ్ళు పడుతున్నారు. నేను నిలబడే చెప్పాను, మధ్యలో ఆగితే ధైర్యం పోతుందని.

"వద్దమ్మా" అన్నారు మామయ్యగారు వెంటనే. "దుంప కోసం చెయ్యిచ్చుకోడవేంటి? లంకలో నాలుగెకరాల కంద నా చేత్తో నేనే కాల్చేసేను. ఏడుపొచ్చింది, ఏడ్చేను, అయిపోయింది. పోయినదాని కోసం ఉన్నదాన్ని పోగొట్టుకుంటారేంటమ్మా ఎవరన్నా?"

"వంటింట్లో చెయ్యి కాల్చేసుకుంటది పిల్ల" అన్నారు అత్తయ్యగారు.

"ఇప్పుడేం వండేత్తందనీ?" అన్నారు మామయ్యగారు.

"అదీ నిజవేలెండి" అని అత్తయ్యగారు అంత బాధలోనూ ఒప్పేసుకున్నారు. మొన్న నేను పెట్టిన చారు ఎవరూ మర్చిపోలేదు.

సూరిబాబు కడుతున్న అంటు ముడి బిగించి, చెయ్యి కడుక్కుని, నన్ను నర్సరీ వెనక్కి తీసుకెళ్ళాడు. నా ఎడమ అరచెయ్యి తెరిచి గొట్టం నీళ్ళ కింద పెట్టాడు. తర్వాత రోజంతా ఎండలో కాలిన ఇటుక మీద ఆనించాడు. తర్వాత తడి నాచు మీద. ఒక తొట్టిలోంచి అరటాకు వంచి దాని వెనకవైపు తాకించాడు, ఎంత చల్లగా ఉందో! చివరికి తన చెంప మీద పెట్టుకున్నాడు. మూడు రోజుల గడ్డం, దాని కింద వెచ్చదనం.

"అన్నీ గుర్తుపెట్టుకో, వైశూ" అన్నాడు.

"అంటే సరేనా?"

"నాన్న కంద కాల్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆయన ఏడ్చాననడం అబద్ధం. ఇప్పటిదాకా ఏడవలేదు." నా రెండో చెయ్యి అందుకుని, "కుడి చెయ్యి మాత్రం నాకుంచు" అన్నాడు.

మామయ్యగారితో అతనేం చెప్పాడో తెలియదు. మర్నాడు బయల్దేరుతుంటే ఆయన గేటు దాకా వచ్చి, "జొరం రాకుండా చూసుకోమ్మా" అన్నారు. అంతే.

పదకొండు మొగ్గలూ ఒకే సంచిలో, పదకొండు చిన్న గదుల్లో. పూతరేకంత పలచని పొర. లోపలికి చెమట వెళ్ళాలి, గాలి ఆడాలి. మేడమ్ దాన్ని నా అరచేతి గుంటలో అమర్చి గుడ్డతో చుట్టారు. మర్నాడే ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తవారి గడపలో ఉండకూడదు కదా, రాజోలులో మా అమ్మ దగ్గరికి పంపేశారు. మేడమ్ సంబరపడ్డారు. కొత్త పెళ్ళికూతురిని పని చెయ్యనివ్వని నెల, మొగుడు కనిపించి గుండె కొట్టుకోవడం మారని నెల. ఆవిడ దృష్టిలో నేనొక మంచి పొదిగే పెట్టెని.

మొదటి రోజే పక్కింటి మంగతాయారు పిన్ని గుమ్మంలోంచే అడిగేసింది. "చేతికి కట్టేంటే అమ్మడూ? అల్లుడు చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు పిన్నీ, కంద పండిస్తున్నాను."

"చేతిలోనా?"

"ఆయ్."

పిన్ని అమ్మ వైపు జాలిగా చూసి వెళ్ళిపోయింది.

ఆదివారాలు సూరిబాబు మొక్కల వ్యాన్ వేసుకుని వచ్చేవాడు. ఆషాఢంలో అల్లుడు గడప తొక్కకూడదని అమ్మ పట్టు. కిటికీ గురించి శాస్త్రంలో ఏమీ లేదు గనక కాఫీ, గారెలు, నేను అన్నీ కిటికీలోనే. వీధిలో వ్యానుకి ఆనుకుని నిలబడి, ఊచల మధ్యనుంచి గారె అందుకుంటూ, పెళ్ళికి ముందు కూడా తనని ఇంత కాపలా కాయలేదని అతను వాపోయేవాడు. నాకు ఆ కిటికీ ఎంత నచ్చిందో చెప్పలేను.

రెండో ఆదివారం కాఫీ గ్లాసు నేనే అందించాను. "అమ్మో, కాలిపోతోంది!" అని అతను గ్లాసు కిటికీ అంచున పెట్టేశాడు. నేనూ అదే గ్లాసు వంటింటి నుంచి తెచ్చాను. ఎడం చేత్తో. కట్టులోంచి బయటికున్న వేళ్ళ మీద అప్పటికే రెండు బొబ్బలు తేలుతున్నాయి. నాకేమీ తెలియలేదు.

ఇద్దరం ఆ బొబ్బల వంక చూశాం. అతని ముఖం పాలిపోయింది. అంత త్వరగా పోతుందనుకోలేదు. అప్పుడతను కిటికీ ఊచ మీద నా వేళ్ళు పెట్టి, "ఇది చల్లగా ఉంది" అన్నాడు. వ్యాన్ అద్దం చూపించి, "అది వేడిగా ఉంది." తన చెయ్యి పైన పెట్టి, "ఇది వెచ్చగా." ఆ రోజు నుంచి అది మా ఆటైపోయింది. ఫోనులో కూడా చెప్పేవాడు. "ఇప్పుడు తొట్లలో మట్టి చల్లగా ఉంది, వైశూ."

పద్దెనిమిదో రోజు పొద్దున్న భూతద్దంలో చూస్తే పదకొండు గదుల్లోనూ పదకొండు గులాబీరంగు మొనలు! నేను ఇల్లంతా తిరిగి గెంతాను. పంతొమ్మిదో రోజున మొనల చుట్టూ బూడిదరంగు పొర కనిపించింది. ఫోటో పంపాను.

"చేమకీ ఇలాగే మొదలైంది" అన్నారు మేడమ్ ఫోనులో. "మూడు రోజులు పడుతుంది."

"మందేదైనా..."

"ఆ తోడుని చంపే ఏ మందైనా మొగ్గనీ చంపుతుంది. నలభై రకాలు చూశాను వైశాలీ. నువ్వేం తప్పు చెయ్యలేదు."

అన్నం ముందు కూర్చుని ఏడ్చి, తినకుండా లేచి, మధ్యాహ్నం అలాగే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఘాటైన పచ్చివాసన. రెండు చేతుల వేళ్ళకీ గోరింటాకు టోపీలు! కుడి అరచేతిలో పెద్ద చందమామ, చుట్టూ చుక్కలు. ఎడం చేతికి కట్టు ఎప్పటిలాగే ఉంది. కానీ దాని అంచునుంచి పచ్చటి రసం కారుతోంది.

"అమ్మా, ఎడం చేతికేం చేశావ్?"

"ఏం చేస్తానే? ఆషాఢంలో కొత్త పెళ్ళికూతురు ఒంటిచేత్తో గోరింటాకు పెట్టుకుంటదా, అపశకునం కాదూ? కట్టు ఒక్క నిమిషం విప్పేను. చందమామ పెట్టేసి, నీ సంచిని దాని మీదే జాగర్తగా నొక్కి మళ్ళీ కట్టేసేను. కదల్లేదే అస్సలు!"

సంచి పొర పూతరేకంత పలచన. గోరింటాకు రసం లోపలికి దిగిపోయే ఉంటుంది. ఎలా ఫోను చేశానో గుర్తులేదు.

"కడిగావా?" అన్నారు మేడమ్.

"లేదండీ."

"కడగకు. వస్తున్నా."

రెండు గంటల్లో వచ్చారు. అమ్మ గుమ్మం పక్కన చీరకొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మేడమ్ కట్టు విప్పి, సంచిని దీపం వైపు తిప్పి భూతద్దం పెట్టారు. లోపలి నీరంతా నారింజరంగు. ఆవిడ ఎంతసేపటికీ తలెత్తలేదు.

"పోయాయా అండీ?" అన్నాను.

"బూడిద పొర ముక్కలైపోయింది" అన్నారు నెమ్మదిగా. "తోడు చస్తోంది వైశాలీ. తోడు మాత్రమే." అప్పుడు అమ్మ వైపు తిరిగి, నోటుపుస్తకం తీశారు. "ఇందులో ఏం కలిపారండీ?"

"నేనేం కావాలని చెయ్యలేదండీ..."

"తెలుసు. ఏం కలిపారో చెప్పండి."

"ఆకేనండి. రెబ్బ చింతపండు, రెండు లవంగాలు, పుల్లమజ్జిగ చుక్క. మా అత్తగారు అలాగే రుబ్బేది."

"ఆకు ఎంత?"

"రెండు గుప్పిళ్ళు."

"మీ గుప్పిలా, మీ అత్తగారి గుప్పిలా?" అని మేడమ్ ఎంతో సీరియస్‌గా అడిగి రాసుకున్నారు. అమ్మ గుప్పిట్లో ఆకు పోయించి తూకం కూడా వేశారు. వేళ్ళకి ఎర్రదనమిచ్చే పదార్థమే తోడుని చంపిందని తర్వాత తేలింది. మొగ్గల్ని మాత్రం అది ముట్టుకోలేదు. ఆ విషయం మీద వచ్చిన పరిశోధనా పత్రంలో మూడో పేరు శ్రీమతి రత్నమాణిక్యం, గృహిణి, రాజోలు. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి పిన్ని కళ్ళబడేచోట తగిలించింది.

పదకొండులో తొమ్మిది బతికాయి.

శ్రావణంలో నేనూ అవీ కలిసి కడియం చేరాం. తెగులు లేకుండా కాల్చిన మట్టి నింపిన తొమ్మిది తొట్లలో తొమ్మిది మొక్కలు. ఒంటి కాడ, దాని మీద పాముపొడలాంటి మచ్చలు, పైన గొడుగు విప్పినట్టు ఆకు. చుట్టుపక్కల నర్సరీలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. మామయ్యగారు మాత్రం ఎండ జరిగినకొద్దీ నీడవలని జరుపుతూ అక్కడే తిరిగేవారు.

"ఆకు చూసి మురిసిపోకండి" అని మేడమ్ అందరికీ వార్నింగిచ్చారు. "ముప్పై ఏళ్ళు పడుకుని లేచింది. దుంప కట్టడం మర్చిపోయి ఉండొచ్చు. కట్టినా అది కంద కాకుండా ఇంకేదో అయి ఉండొచ్చు. ఆకులు పండేదాకా ఆగండి."

ఆగాం. ఈలోగా నేను పప్పు వండటం నేర్చుకున్నాను. ఎడం చేతికి మూడుసార్లు బొబ్బలెక్కాయి. అత్తయ్యగారు పొయ్యి దగ్గరున్న ప్రతి గిన్నె పిడికీ ఎర్రగుడ్డ చుట్టారు. సూరిబాబు పొద్దున్నే లేచి నా ఎడం చెయ్యి పట్టుకుని, "వెచ్చగా" అని రిపోర్టిచ్చి గానీ పక్క దిగడు. నిజంగా వెచ్చగా ఉందో లేదో ఆ చేతికి తెలియదు. కాబట్టి అతని మాటే నమ్ముతాను. ఒక్కోసారి అద్దం ముందు ఒంటరిగా ఉన్నప్పుడు ఆ అరచెయ్యి చెంపకి ఆనించుకుని చూస్తాను. చెంపకి తెలుస్తుంది చెయ్యి ఉందని. చేతికి చెంప తెలియదు.

మాఘమాసంలో ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. ఆదివారం పొద్దున్న పదింటికి మేడమ్ వచ్చారు. అమ్మ కూడా గోరింటాకు శాస్త్రవేత్త హోదాలో రాజోలు నుంచి దిగింది. మామయ్యగారు పార పక్కన పెట్టి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని వేళ్ళతో మట్టి తొలిచారు.

మొదటి తొట్టిలో ఏమీ లేదు, వేర్లు తప్ప. రెండోదీ అంతే. మూడో తొట్టిలో ఆయన చెయ్యి ఆగింది. బయటికి తీస్తే నిమ్మకాయంత దుంప, గరుకుగా, మట్టిరంగులో, నడినెత్తిన ఒక మొగ్గతో. నాలుగులో ఒకటి. ఐదులో బత్తాయంత! చివరికి ఏడు. మామయ్యగారు వాటిని గోనె మీద వరసగా పేర్చి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. సూరిబాబు నా కుడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి ఆయనే ఇటు తిరిగి, కళ్ళు తుడుచుకుని, "ఒక్కటీ తినడానికి లేదు. అన్నీ విత్తనానికే" అని హుకుం జారీచేశారు.

"ఒక్కటి నాకు కావాలి, అబ్బులు గారూ" అన్నారు మేడమ్. "కందో కాదో తేలాలి కదండీ." అన్నిటికన్నా చిన్నది ఏరి నాకిచ్చారు. "నీ చేతిలో లేచింది. నువ్వే కొయ్యి."

దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని కత్తి దించాను. లోపల లేత గులాబీ. రసం అరచేతి గీతల్లోకి దిగింది. మేడమ్ ముక్క తీసి కళ్ళజోడు పైకెత్తి పరీక్షగా చూస్తున్నారు. అందరూ ఆవిడ ముఖం చూస్తున్నారు. నేనొక్కదాన్నే నా చెయ్యి చూసుకుంటున్నాను.

ఏదో అవుతోంది. వేడి కాదు, చలి కాదు. ఎక్కడో అడుగున సన్నగా చిమచిమ. ఏడు నెలలుగా పక్కింటివాళ్ళదై పోయిన అరచేతిలో ఎవరో తలుపు తట్టినట్టు. కంద రసంలోని సన్నటి సూదులు.

"దురద!" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. "దురదండీ! ఎడం చెయ్యి! దురదపెడుతోంది!"

మేడమ్ నా వంక ఒక్క క్షణం చూసి, చేతిలో ముక్కని తన ఎడమ అరచేతికేసి గట్టిగా రుద్దుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, కదలకుండా నిలబడ్డారు. తర్వాత కుడి చేతి గోళ్ళు మెల్లగా కదిలాయి. ఒకసారి గోకారు. మళ్ళీ గోకారు. ఆ తర్వాత పగలబడి నవ్వుతూ, ఏడుస్తూ, ఆపకుండా గోకుతూనే ఉన్నారు.

"మరి కంద కాపోతే ఏంటండీ!" అని మామయ్యగారు తొడ చరిచి నవ్వారు. "అచ్చం మన లంక కందే ఇది!"

"చింతపండు రాయండే పిల్లకి, చెయ్యి ఎర్రబడిపోతంది!" అంటూ అత్తయ్యగారు ఇంట్లోకి పరుగెత్తి గిన్నెతో వచ్చి నా చెయ్యి పట్టుకోబోయారు.

నేను చెయ్యి వెనక్కి దాచేసుకున్నాను.

"ఇంకాసేపు ఉండనివ్వండి అత్తయ్యా" అన్నాను. "ఎంత బాగుందో!"